పోటీకి పెట్టే ఆర్కిడ్ పూలు వాడిపోకుండా ఉండాలంటే

మన మలేషియాలో చాలా ఇళ్ళ ముందు డెండ్రోబియం, మొకారా, వాండా ఆర్కిడ్లు కనిపిస్తాయి. పూల ప్రదర్శనల్లో కోసిన పూకాడలకు పోటీ ఉన్నప్పుడు మన సభ్యులూ ఉత్సాహంగా పాల్గొనవచ్చు. అయితే నెలల తరబడి పెంచిన కాడ, పోటీ ముందురోజు రాత్రి ఇంట్లోనే పాడైపోయే ప్రమాదం ఉంది. దానికి ముఖ్య కారణం ఇథిలీన్ అనే వాయువు.

పండుతున్న అరటి, మామిడి, బొప్పాయి పళ్ళ నుంచి ఇథిలీన్ వెలువడుతుంది. పొగలోనూ ఉంటుంది. అందుచేత పోటీ పూలను పూజగదిలో ఉంచకండి. అక్కడి అరటిపళ్ళు, అగరుబత్తి, సాంబ్రాణి పొగ మనకు మంగళకరమే కానీ, ఆర్కిడ్లకు పడవు. రేకులు త్వరగా ముడుచుకుంటాయి, మొగ్గలు రాలిపోతాయి.

పువ్వు నడుమ చిన్న టోపీ కింద పుప్పొడి ముద్దలు ఉంటాయి. చెయ్యి తగిలి టోపీ ఊడినా, పురుగు వాలి పుప్పొడి అంటించినా, ఆ పువ్వు తానే ఇథిలీన్ తయారుచేసి వాడిపోతుంది, పక్క పూలనూ చెడగొడుతుంది. కాబట్టి పూలను ముట్టుకోకుండా కాడనే పట్టుకోవాలి.

కోసేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి:

1. కాడ మొదట్లోని పూలు ముందు విచ్చుకుంటాయి, కొన మొగ్గలు చివర విచ్చుకుంటాయి. కోశాక చిన్న మొగ్గలు సరిగా విచ్చవు. ఎక్కువ పూలు విచ్చి, రేకులు గట్టిపడేదాకా రెండు మూడు రోజులు ఆగండి.

2. తెల్లవారుజామున, పదునైన కత్తితో కోయండి. ఒక మొక్క వైరస్ మరో మొక్కకు అంటకుండా, ప్రతి మొక్కకూ కత్తిని శుభ్రం చేయండి.

3. ఇంట్లోకి తెచ్చాక కాడ చివర నీటిలో ముంచి ఉంచి, ఒక సెంటీమీటరు ఏటవాలుగా మళ్ళీ కోయండి. గాలి బుడగ అడ్డుపడకుండా నీరు పైకి ఎక్కుతుంది. నీరు రోజూ మార్చండి.

4. ఫ్రిజ్‌లో పెట్టకండి. ఇవి వేడి ప్రాంతపు పూలు. నాలుగైదు డిగ్రీల చలికి రేకులపై మచ్చలు పడతాయి. నీడగా, చల్లగా ఉన్న గది చాలు.

5. రేకులపై నీళ్ళు చల్లకండి. తడి నిలిస్తే బూజు మచ్చలు వస్తాయి. న్యాయనిర్ణేతల కన్ను ముందు వాటిమీదే పడుతుంది.

స్వామివారి అలంకరణకు ఆర్కిడ్లు తెచ్చేవారికీ ఇదే పద్ధతి. పూలను, పళ్ళను ఒకే సంచిలో కాకుండా వేర్వేరుగా తీసుకురండి. సాయంత్రం హారతి దాకా పూలు తాజాగా ఉంటాయి.