ఎడారి దారిలో వింత మజిలీలు

ఎడారి అనగానే మనకు తోచేది ఇసుక, ఎండ, దాహం. అక్కడ ఆగి చూడదగినదేముంటుంది అనుకుంటాము. కాని అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా ఎడారి దారులు అలాంటివి కావు. మైళ్ళ తరబడి మనిషి జాడ కనిపించదు. అంతలో దారి పక్కన ఎవరో ఒక మనిషి ఒంటిచేత్తో కట్టిన ఏదో ఒక వింత ఎదురవుతుంది. మన తెలుగు కుటుంబాల పిల్లలు ఎందరో ఉద్యోగరీత్యా ఆ రాష్ట్రంలో స్థిరపడ్డారు. వారిని చూడవెళ్ళిన తల్లిదండ్రులు ఈ దారుల్లో ప్రయాణించడం ఇప్పుడు మామూలే. మేమును అలాగే వెళ్ళి, రెండు రోజులు కారులో తిరిగి చూసినవాటిని, వాటిని గురించి తెలుసుకొన్న సంగతులను పాఠకుల ముందుంచుతున్నాము.

సీసాల చెట్లు

లాస్ ఏంజెలెస్ నుండి లాస్ వెగాస్‌కు సుమారు 435 కిలోమీటర్లు. మధ్యలో ఉన్నది మొహావీ ఎడారి. పెద్ద రహదారి వదిలి, రూట్ 66 అనే పాత దారిలో ఓరో గ్రాండే అనే చిన్న ఊరి దగ్గరకు వెళితే ఒక తోట కనిపిస్తుంది. అందులో చెట్లు ఉన్నాయి గాని ఆకులు లేవు. ఇనుప గొట్టాలను చెట్లలా నిలిపి, కొమ్మకొమ్మకూ రంగు సీసాలు తొడిగారు. ఎల్మర్ లాంగ్ అనే ఆయన తండ్రి జీవితమంతా పాత సీసాలు ఏరి దాచాడట. తండ్రి పోయాక వాటిని పారవేయలేక కుమారుడు 2000 సంవత్సరంలో మొదటి చెట్టు నిలిపాడు. అవి పెరిగి 200 దాటాయి. ఆయన 2019లో మరణించాడు. ఎండ పడినప్పుడు ఆ సీసాలు పచ్చగా, నీలంగా, తేనె రంగులో మెరుస్తాయి. గాలి వీస్తే సన్నగా ఊళ వేస్తాయి.

ఈ ఎడారిలో నిజంగా పెరిగే చెట్టు మరొకటి ఉన్నది. దాని పేరు జాషువా ట్రీ, అంటే యెహోషువ చెట్టు. పడమటికి వలస వచ్చినవారికి దాని కొమ్మలు చేతులెత్తిన యెహోషువలా కనిపించినందున ఆ పేరు వచ్చిందని చెబుతారు.

అక్షరమాలలో ఆఖరి ఊరు

ఇంకా ముందుకు పోతే జైజిక్స్ అనే బోర్డు కనిపిస్తుంది. ఇంగ్లీషు అక్షరమాలలో చివరిదైన జెడ్‌తో మొదలయ్యే ఈ పేరు ఏ భాషలోనిదీ కాదు. అన్ని మాటలకంటె ఆఖరి మాట తనదే కావాలని కర్టిస్ హౌ స్ప్రింగర్ అనే ఆయన 1944లో కల్పించినది. ఆయన రేడియోలో బోధించేవాడు. తాను వైద్యుడననీ, పాస్టరుననీ చెప్పుకొనేవాడు. నిజానికి ఆయన వైద్యుడూ కాడు, అభిషేకం పొందిన పాస్టరూ కాడు. ప్రభుత్వ భూమిలో స్నానాల తొట్లు, వసతి గదులు, ప్రార్థన మందిరం కట్టించాడు. ఆ పని చేయడానికి లాస్ ఏంజెలెస్ వీధుల్లో నిలువ నీడ లేనివారిని తీసుకొనివచ్చాడు. వేడి నీటి బుగ్గలని చెప్పినవాటికి బాయిలర్‌తో వేడి పెట్టించాడు. నోవహు జలప్రళయానికి ముందుకాలపు టీ అని పేరు పెట్టి ఒక పొడిని, రోగాలు కుదుర్చుతుందని రకరకాల మందులను అమ్మాడు. వినేవారు నమ్మి డబ్బు పంపారు. చివరకు 1974లో ప్రభుత్వం ఆయనను అక్కడినుండి ఖాళీ చేయించింది. ఇప్పుడా కట్టడాలలో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీవారి ఎడారి అధ్యయన కేంద్రం నడుస్తున్నది.

రెండు తాటిచెట్లంత థర్మామీటరు

అక్కడికి దగ్గరలోనే బేకర్ అనే ఊరు. ఊరి నడుమ 134 అడుగుల థర్మామీటరు నిలబడి ఉంటుంది. తాటిచెట్టు మీద తాటిచెట్టు నిలిపినంత ఎత్తు. ఆ ఎత్తు ఊరికే ఎంచుకొన్నది కాదు. దగ్గరలోని డెత్ వ్యాలీ, అంటే మృత్యులోయలో, 1913 జూలై 10న 134 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి నమోదయింది. మన లెక్కలో 56.7 డిగ్రీల సెల్సియస్. డిగ్రీకి ఒక అడుగు చొప్పున స్థానిక వ్యాపారి విల్లిస్ హెరన్ 1991లో దీనిని కట్టించాడు. మొదట కట్టినది గాలికి విరిగిపోగా మళ్ళీ నిలిపాడు. 2012లో దీపాలు ఆరిపోయాయి. ఆయన కుటుంబంవారు బాగుచేయించి 2014లో తిరిగి వెలిగించారు.

ఇల్లు లేని ఊరి దీపం

బేకర్ నుండి దక్షిణంగా ఎడారి మధ్యగా వెళితే ఆంబాయ్ చేరతాము. 1938లో రాయ్ క్రౌల్ అనే ఆయన ఇక్కడ పెట్రోలు బంకు తెరిచాడు. తరువాత హోటలు, విడిది గదులు వచ్చాయి. 1959లో నిలిపిన పెద్ద రంగుదీపాల బోర్డు రాత్రిళ్ళు దూరదూరాలకు కనిపించేది. 1973లో కొత్త రహదారి వేరే వైపుగా పడింది. కార్లు అటు మళ్ళాయి, ఊరు ఖాళీ అయింది. బైపాస్ పడిన తరువాత పాత రోడ్డు మీది టీ కొట్లకు ఏమవుతుందో మన పల్లెవారికి వేరే చెప్పనక్కరలేదు. ఆల్బర్ట్ ఒకురా అనే హోటళ్ళ యజమాని 2005లో ఊరంతా కొని, 2019లో ఆ బోర్డును మళ్ళీ వెలిగించాడు.

ఈ ఊరికి సమీపంలో బాగ్దాద్ అనే చోటు ఉండేది. 1912 అక్టోబరు మొదలు 1914 నవంబరు వరకు 767 రోజులు అక్కడ ఒక్క చినుకు పడినట్టు నమోదు కాలేదు. అమెరికా దేశంలో అదే రికార్డు. రెండు కార్తెలు వాన తప్పితేనే తల్లడిల్లే మనకు ఆ లెక్క వింటే గుండె ఝల్లుమంటుంది.

కొండంత సాక్ష్యం

రెండవ రోజు పామ్ స్ప్రింగ్స్ వైపు దిగి, కబజాన్ దగ్గర రహదారి పక్కన సిమెంటు రాక్షసబల్లులు చూశాము. క్లాడ్ బెల్ అనే శిల్పి తన హోటలుకు జనం రావాలని 1964లో మొదలుపెట్టిన మొదటి బొమ్మ పొడవు 150 అడుగులు. పిల్లలు దాని కడుపులోకి ఎక్కి ఆడుకుంటారు.

అక్కడినుండి ఆగ్నేయంగా, సాల్టన్ సీ అనే ఉప్పు సరస్సు దాటి, నైలాండ్ దగ్గర ఆగాము. ఎడారి మట్టి మధ్య సుమారు 50 అడుగుల రంగుల కొండ కనిపించింది. పైన సిలువ. దాని కింద, దేవుడు ప్రేమ అని చెప్పే పెద్ద అక్షరాలు. దీని పేరు సాల్వేషన్ మౌంటెన్, రక్షణ పర్వతం.

లెనార్డ్ నైట్ 1931లో పుట్టిన సామాన్య కూలి మనిషి. అవే మాటలు రాసిన గాలి బుడగను ఆకాశంలో ఎగురవేయాలని ఏళ్ళ తరబడి కుట్టాడు. అది ఎగరలేదు. 1984లో ఇక్కడికి వచ్చి, చిన్న గుర్తు ఏదైనా కట్టి వెళ్ళిపోదామనుకొన్నాడు. అనుకొన్నది పెరిగి కొండయింది. డబ్బు లేక సిమెంటులో ఇసుక ఎక్కువ కలిపాడు. 1989లో ఆ కొండ కూలిపోయింది. ఇసుక మీద కట్టిన ఇంటి ఉపమానం తెలిసిన మనకు ఇక్కడ వేరే వ్యాఖ్యానం అక్కరలేదు. ఎవరికీ దెబ్బ తగలనందుకు ఆయన దేవునికి స్తోత్రం చెప్పి మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి బంకమట్టిలో గడ్డి కలిపి మెత్తాడు. మన పల్లెల్లో మట్టిగోడలకు వరిగడ్డి వేసి తొక్కినట్టే. పైన రంగు మీద రంగు. ఆ రంగులన్నీ వచ్చినవారు ఇచ్చినవే.

కరెంటు, కొళాయి లేకుండా ఒక పాత ట్రక్కులోనే ఆయన కాపురం. చూడవచ్చినవారికి తానే దగ్గరుండి చూపి, కొండ బొమ్మ ఉన్న కార్డులు ఊరికే ఇచ్చేవాడు. 1994లో అధికారులు, ఈ రంగులతో నేల విషమయిందని, కొండను తొలగించాలని చూశారు. సందర్శకులు సంతకాలు సేకరించి ఆపించారు. 2002లో ఒక సెనేటరు ఈ కొండ విశిష్టతను అమెరికా కాంగ్రెసు రికార్డుల్లో చేర్పించారు. ఆయన 2014 ఫిబ్రవరి 10న ప్రభువునందు నిద్రించాడు. కొండను కాపాడటానికి ఒక సంఘం ఉన్నది. ఎండకు పగిలిన చోట స్వచ్ఛందంగా వచ్చినవారు మట్టి మెత్తి రంగు వేస్తుంటారు.

ఇద్దరు మనుషులు, ఒకే ఎడారి

తిరుగు ప్రయాణంలో మేము ఎక్కువగా మాట్లాడుకొన్నది ఈ ఇద్దరి గురించే. స్ప్రింగర్, నైట్ ఇద్దరూ దేవుని పేరే చెప్పారు. ఒకరి దగ్గరకు వెళ్ళినవారు డబ్బు ఇచ్చి నీళ్ళు, పొడులు తెచ్చుకొన్నారు. మరొకరి దగ్గరకు వెళ్ళినవారు ఏమీ ఇవ్వకుండానే ఒక కార్డు, ఒక మంచి మాట తెచ్చుకొన్నారు. మన ఊళ్ళకు కూడా సీసాలో నీళ్ళు, నూనె పట్టుకొని వచ్చేవారు ఉన్నారు. షుగరు మాత్రలు, టీబీ మందులు మానివేయమని చెప్పేవారు ఉన్నారు. అలాంటి మాట నమ్మినందుకు ఖాళీ అయ్యేది డబ్బుల సంచి మాత్రమే కాదు, ఒక్కోసారి ఇంటి దీపమే ఆరిపోతుంది. ప్రార్థన చేయుదము, డాక్టరు ఇచ్చిన మందును కూడా వేళకు వేసుకొందము. బోధకుడు అడిగేదేమిటో, ఇచ్చేదేమిటో చూసి తెలుసుకొందము.

ఈ దారిన వెళ్ళదలచినవారికి ఒక మాట. జూన్ నుండి సెప్టెంబరు వరకు ఎండ ప్రాణాంతకం. నవంబరు, మార్చి నెలల మధ్య వెళ్ళడం మంచిది. కారులో మనిషికి రోజుకు కనీసం నాలుగు లీటర్ల నీరు పెట్టుకోవాలి. పెట్రోలు ట్యాంకు సగానికి దిగకముందే నింపించాలి. చాలా చోట్ల ఫోను పనిచేయదు కనుక ఏ దారిన వెళుతున్నారో ఇంట్లో చెప్పి బయలుదేరాలి. కారు ఆగిపోతే దానిని విడిచి నడవకూడదు. నీడలో దాని దగ్గరే ఉండాలి, వెదికేవారికి మనిషికంటె కారే ముందు కనిపిస్తుంది.