రాజధాని మనదే.. ఊరే కొత్త

యానాం: అడ్మిషన్ల రోజుల్లో ఓ మధ్యాహ్నం కాకినాడ టౌన్ స్టేషన్‌కు వెళ్లి, సర్కార్ ఎక్స్‌ప్రెస్ వచ్చే ప్లాట్‌ఫారం మీద కాసేపు నిలబడండి. యానాం కుటుంబం ఏదో ఇట్టే తెలిసిపోతుంది. కొత్త సూట్‌కేసు, తాడుతో కట్టిన పరుపు, మూత చుట్టూ టేపు వేసిన ఆవకాయ డబ్బా. 'నూనె కారకుండా నిలువుగా పెట్టుకో నాన్నా' అని తల్లి పదోసారి చెబుతుంటుంది. ఆమె చెప్పాలనుకున్నది డబ్బా గురించి కాదని కొడుక్కీ తెలుసు.

నిజానికి వీళ్లు వెళ్లేది పరాయి రాష్ట్రానికి కాదు. సొంత రాజధానికే. అయితే మనకు కాకినాడ 30 కిలోమీటర్లు, రాజధాని పుదుచ్చేరి దాదాపు 870 కిలోమీటర్లు. 1954లో ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయాక కూడా పుదుచ్చేరి, కారైకాల్, మాహేలతో కలిసే ఉన్నాం కాబట్టి, పెద్ద చదువు అనేసరికి దారి అటే చూపిస్తుంది. ఇక్కడ డిగ్రీ కాలేజీ ఉంది. కానీ జిప్‌మర్, ప్రభుత్వ వైద్య కళాశాల, కాలాపట్టులోని కేంద్రీయ విశ్వవిద్యాలయం, దాని పక్కనే పిళ్లైచావడిలో ఒకప్పటి ఇంజినీరింగ్ కాలేజీ, అంటే ఇప్పటి సాంకేతిక విశ్వవిద్యాలయం.. అన్నీ అక్కడే.

సెంటాక్ వైద్య సీట్లలో ప్రాంతాల వారీ కోటా ఉంది. పుదుచ్చేరికి 75, కారైకాల్‌కు 18, మాహేకు 4, యానాంకు 3 శాతం. వంద సీట్లుంటే మనవి మూడన్నమాట. అంత కష్టపడి సంపాదించిన సీటును మొదటి మూడు నెలల్లోనే వదిలేసి వచ్చేద్దామా అనిపించడానికి చదువు కారణం కాకపోవచ్చు. చేతిలో డబ్బు అయిపోవడం, నోటికి మాట రాకపోవడం. ఈ రెండూ వేర్వేరు కష్టాలనుకుంటారు గానీ, అసలు ఒకటే.

అద్దె కాదు.. అడ్వాన్సు

ఇంట్లో కూర్చుని లెక్క వేసేటప్పుడు అందరూ ఫీజు, నెల అద్దె, మెస్సు రాసుకుంటారు. కొంప ముంచేది మొదటి నెల. గది అద్దె 6,000 అనుకుందాం. ముగ్గురు పంచుకుంటే తలా 2,000. బాగానే ఉంది కదా! ఇంటాయన ఐదు నెలల అడ్వాన్సు అడిగాడనుకోండి, 30,000. తలా పది వేలు. బ్రోకరు ఉంటే అతనికో నెల అద్దె. ఇంకా బకెట్టు, దిండు కొనకుండానే మనిషికి 14,000 చేతి నుంచి జారిపోయాయి. రెండు వేలు అనుకుని వెళ్లిన కుర్రాడు ఇంటికి ఫోన్ చేసి పద్నాలుగు వేలు అడగాలి. అవతల తండ్రి 'చూద్దాంలే' అంటాడు. ఆ మాటకు అర్థం అప్పు అని యానాంలో చిన్నపిల్లాడిక్కూడా తెలుసు.

అందుకే మొదటి ఏడాది హాస్టల్ దొరికితే, గది ఎంత బాగున్నా హాస్టలే నయం. దొరక్కపోతే కాలేజీ ఎటుందో చూసుకుని ఆ పక్కనే వెతకండి. విశ్వవిద్యాలయం ఊరికి పది కిలోమీటర్లకు పైనే. జిప్‌మర్ గోరిమేడులో. లాస్‌పేట వైపు పాలిటెక్నిక్, డిగ్రీ, పీజీ కాలేజీలు. బీచ్ దగ్గర పసుపు గోడల ఫ్రెంచి వీధులు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. అక్కడ గదులు వారాంతపు టూరిస్టుల కోసం. మనకోసం కాదు.

అడ్వాన్సు చేతికి ఇవ్వకండి. యూపీఐలోనో బ్యాంకు ద్వారానో పంపితే రుజువు ఉంటుంది. ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చని ఎంత పట్టుకుంటారో ముందే అడిగి, కాగితం మీద రాయించుకోండి. సామాను దించకముందే గోడలకు ఫోన్లో ఫొటోలు తీసుకోండి. ముఖమాటపడితే నష్టం మీకే.

సెంటాక్ ద్వారా వృత్తి విద్యా కోర్సుల్లో చేరినవాళ్లకు కామరాజర్ పేరిట ఫీజు సాయం పథకం ఉంది. అర్హత చూసుకుని దరఖాస్తు చేయాల్సిందే. కాకపోతే అది ఫీజుకు. అద్దెకూ అన్నానికీ కాదు. నేటివిటీ, ఆదాయ పత్రాల్లాంటివి ఇక్కడి నుంచే పట్టుకెళ్లండి. ఒక్క కాగితం మర్చిపోతే రానూపోనూ రెండు రాత్రుళ్ల ప్రయాణం.

తొణ్ణూరు అంటే నూరు కాదు

ఇంట్లో ఎవరూ లెక్కలో రాయని ఖర్చు ఇది. తమిళం రాకపోతే డబ్బు పోతుంది. మోసపోతారని కాదు. అర్థంకాక ఇచ్చేస్తారు.

అంకెలు సగం మనవే. రెండు అంటే రెండే, ఆరు అంటే ఆరే. మూణు, నాలు, పత్తు వింటేనే తెలుస్తాయి. చిక్కంతా తొమ్మిదిలో. ఒంబదు అంటే తొమ్మిది. మరి తొంభై? తొణ్ణూరు! మన చెవికి చివరి 'నూరు' మాత్రమే పడుతుంది. వంద నోటు ఇచ్చి, చిల్లర అడక్కుండా వచ్చేస్తాం. తొమ్మిది వందలైతే తొళ్లాయిరం. ఆయిరం అంటే వెయ్యి అని అంతకుముందు రోజే నేర్చుకున్నవాడు వెయ్యి తీసి ఇచ్చేస్తాడు. పుదుచ్చేరి బండి ఎక్కిన రాత్రే ఈ అంకెలు నూటి దాకా బట్టీ పట్టండి. నిద్ర ఎలాగూ పట్టదు.

మెస్సులో ఇంకో తమాషా. వడ్డించేవాళ్లు అన్నం మీద అన్నం వేస్తుంటే మనవాడు 'చాలు, చాలు' అంటాడు. వాళ్లకు తెలీదు. పక్కవాడు 'పోదుం' అంటే చెయ్యి ఆపేస్తారు. మనకేమో 'పోదాం' అన్నట్టు వినిపించి, తినకుండా ఎక్కడికి పోదామంటున్నాడా అనిపిస్తుంది. పోదుం అంటే చాలు. ఎవ్వళవు అంటే ఎంత. ఆటోలో, షేర్ టెంపోలో ఎక్కకముందే ఎవ్వళవు అని అడిగినవాడికీ, దిగాక అడిగినవాడికీ తేడా జేబుకు తెలుస్తుంది. అన్నా, అక్కా పిలుపులు రెండు భాషల్లోనూ ఒకటే. ధైర్యంగా వాడేయండి.

కాలాపట్టులో, జిప్‌మర్‌లో ఆంధ్ర, తెలంగాణ పిల్లలు ఉంటారు. తెలుగు వినిపించగానే ప్రాణం లేచొస్తుంది. అయితే పొద్దస్తమానం వాళ్లతోనే తిరిగితే తమిళం రాదు. వాళ్లు నాలుగేళ్లకు వెళ్లిపోతారు. మనకు రేపు ఉద్యోగం వచ్చినా, సచివాలయంలో ఫైలు కదలాలన్నా ఆ ఊరితోనే పని.

అన్నం సంగతి ఒక్క మాట. అక్కడ చాలా మెస్సుల్లో ఉప్పుడు బియ్యం, వాళ్ల భాషలో పుళుంగల్. పచ్చి బియ్యం అన్నం తిన్న నోటికి లావుగా, రబ్బరులా అనిపిస్తుంది. నెల ఓర్చుకోండి. దానికోసం రోజూ బయట హోటల్లో తింటే మెస్సు డబ్బు మెస్సుకే, హోటల్ డబ్బు హోటల్‌కే. ఆవకాయ, కందిపొడి ఉండనే ఉన్నాయి.

నవంబరులో నీళ్లొస్తాయా?

2022 జూలైలో గోదావరి వరద ఇళ్లలోకి రావడం చూసిన పిల్లలకు నీటి భయం కొత్త కాదు. కానీ మన వాన కాలం వేరు, అక్కడిది వేరు. పుదుచ్చేరికి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గరే తీరం దాటి కాలనీలను ముంచేసింది. అద్దె తక్కువని కింది గది తీసుకునే ముందు, ఆ ఇంటివాళ్లను కాదు, ఎదురింటి వాళ్లను అడగండి.. 'పోయిన నవంబరులో నీళ్లొచ్చాయా?' అని.

డబ్బు ఖర్చు కాని కాలక్షేపాలూ ఉన్నాయి. సాయంత్రం బీచ్ రోడ్డులో బండ్లు ఆపేస్తారు, ఎంతసేపైనా నడవొచ్చు. 1827 నాటి రోమైన్ రోలాండ్ గ్రంథాలయం ఉంది. బకెట్లు, దుప్పట్లు, చెప్పులు కావాలంటే గాంధీ వీధిలో ఆదివారం సంత. తొణ్ణూరు నేర్చుకున్నాకే వెళ్లండి.

ఇంటి టికెట్ ముందు

ఒకప్పుడు చెన్నై దాకానో, చెంగల్పట్టు దాకానో రైల్లో వెళ్లి అక్కడ బస్సు పట్టుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు సర్కార్ ఎక్స్‌ప్రెస్ పుదుచ్చేరి దాకా వెళుతోంది. చెన్నై నుంచి ఈసీఆర్ బస్సులో వెళ్లాల్సి వస్తే, విశ్వవిద్యాలయం పిల్లలు ఊళ్లోకి వెళ్లక్కర్లేదు. కాలాపట్టు ముందే వస్తుంది.

రిజర్వేషన్ గడువు 2024 నవంబరు నుంచి 120 రోజులు కాదు, 60 రోజులే. సంక్రాంతికి రావాలంటే నవంబరు మధ్యలోనే, కిటికీ తెరిచిన పొద్దున్నే తీసుకోవాలి. ఆలస్యమైతే తత్కాల్, అదీ పోతే ప్రైవేటు బస్సు. అక్కడికి రెండు నెలల మెస్సు డబ్బు ఎగిరిపోవచ్చు. అందుకే చేరిన రోజే ఇంటికి తిరుగు టికెట్ డబ్బు విడిగా తీసి, స్నేహితులకు చెప్పని చోట పెట్టుకోమంటారు సీనియర్లు. కొందరు దాన్ని ఇప్పటికీ ఖాళీ అయిన ఆవకాయ డబ్బాలోనే పెడుతుంటారు.