తెర ఆగింది... బోర్డు ఆదుకుంది!

విమానాశ్రయంలో అడుగుపెట్టగానే ఎవరి కళ్లయినా ముందు వెతికేది ఆ పెద్ద తెరనే. ఏ విమానం, ఎన్నో గేటు, ఎంత ఆలస్యం... అన్నీ అదే చెప్పాలి. 2024 జులై 19న చాలాచోట్ల ఆ తెరలు ఉత్త నీలిరంగులోకి మారిపోయాయి. క్రౌడ్‌స్ట్రైక్‌ సంస్థ భద్రత కోసం పంపిన అప్‌డేట్‌లో దొర్లిన లోపం ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్‌ కంప్యూటర్లను పడుకోబెట్టేసింది. న్యూయార్క్‌ టైమ్స్‌ స్క్వేర్‌లో ప్రకటనల తెరలూ కొన్ని నల్లబడ్డాయి. పోనీ, అవి వెలగకపోతే నష్టం వ్యాపారులకే. గేటు తెలియకపోతే మాత్రం ప్రయాణమే తప్పిపోతుంది కదా!

లోపాన్ని 78 నిమిషాల్లోనే సరిదిద్దారు. కానీ అప్పటికే ఆగిపోయిన వాటిలో చాలావాటికి ఆ మందు అందే దారి లేదు. ఒక్కోదాని దగ్గరికీ మనిషి వెళ్లి, సేఫ్‌మోడ్‌లో తెరిచి, పాడైన ఫైలును తీసేయాల్సి వచ్చింది.

మరి ఆలోగా? దిల్లీ విమానాశ్రయంలో సిబ్బంది ఓ తెల్లబోర్డు తెచ్చిపెట్టారు. విమానం నంబరు, వెళ్లే ఊరు, గేటు... అన్నీ మార్కర్‌తో రాశారు, అచ్చం బడిలో టైమ్‌టేబుల్‌లా! హైదరాబాద్‌ నుంచి కోల్‌కతా వెళ్లే ఓ ప్రయాణికుడికైతే బోర్డింగ్‌ పాసే చేత్తో రాసిచ్చారు. ఆ ఫొటో దేశమంతా చక్కర్లు కొట్టింది.