బీజింగ్ రకం క్షయ

బీజింగ్ రకం క్షయవ్యాధిని కలిగించే మైకోబాక్టీరియం ట్యుబర్‌క్యులోసిస్ అనే బాక్టీరియాలో ఒక జన్యు రకం. తూర్పు ఆసియాలో ఇది అధికమని 1995లో గుర్తించారు. దక్షిణ భారతదేశంలో మాత్రం మరొక ప్రాచీన రకం ఎక్కువగా కనిపిస్తుంది.

క్షయ రోగులలో కొద్దిమందికి తీవ్రమైన శ్వాస వైఫల్యం ఏర్పడుతుంది. బాక్టీరియా రక్తం ద్వారా వ్యాపించి ఊపిరితిత్తుల నిండా కొర్రగింజలంత కణుపులు ఏర్పడినపుడు ఈ ప్రమాదం అధికం. వాయుకోశాల గోడలు వాచి, వాటిలో ద్రవం చేరడం వలన ఆక్సిజన్ రక్తంలోకి సరిగా చేరదు.

బీజింగ్ రకానికి చెందిన కొన్ని బాక్టీరియాలు ప్రయోగశాలలో ఎలుకలను త్వరగా చంపాయి. అయితే ఈ రకంలోనే తీవ్రత తక్కువగా ఉన్నవీ ఉన్నాయి. కనుక రోగికి శ్వాస వైఫల్యం కలిగినంత మాత్రాన దానికి బాక్టీరియా రకమే కారణమని చెప్పలేము. చికిత్సలో జాప్యం, హెచ్.ఐ.వి., పోషకాహార లోపం కూడా వ్యాధిని ముదిరేలా చేస్తాయి. పలు దేశాలలో, ముఖ్యంగా పూర్వపు సోవియట్ దేశాలలో, మందులకు లొంగని క్షయతో ఈ రకానికి సంబంధం కనబడింది. అందువలన చికిత్సకు రకం పేరు కంటే రిఫాంపిసిన్ వంటి మందులు పనిచేస్తాయా లేదా అన్న పరీక్షే ముఖ్యం.