రైలు పట్టాల పక్కన.. గుర్రపు డెక్కల చప్పుడు

కారు ఎంత ఖరీదైనదైనా సరే.. దస్తూరీ నాకా దగ్గర ఆగిపోవాల్సిందే! అక్కడి నుంచి మాథేరాన్ బజారు దాదాపు రెండున్నర కిలోమీటర్లు. ఎర్రమట్టి నేల, నెత్తిన చెట్ల నీడ, పక్కనే రెండడుగుల వెడల్పున్న బుల్లి రైలు పట్టాలు. ఓపికున్నవాళ్ళు పట్టాల వెంబడే నడిచి వెళ్తారు. లేనివాళ్ళు రైలెక్కుతారు. పిల్లలు మాత్రం గుర్రమే కావాలని మారాం చేస్తారు.

మహారాష్ట్రలోని రాయగఢ్ జిల్లాలో, సుమారు 800 మీటర్ల ఎత్తున ఉన్న చిన్న కొండ ఊరు మాథేరాన్. 2011 లెక్కల ప్రకారం జనాభా ఐదు వేల లోపే. నేత పనికీ, కూలి పనికీ తరాల కిందటే వెళ్ళి భీవండి, ముంబైలలో స్థిరపడ్డ తెలుగువారికి ఇది పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగి రాగలిగే చోటు. షోలాపూర్ వైపు నుంచి వచ్చేవారు కల్యాణ్‌లో దిగి కర్జత్ లోకల్ పట్టుకుంటే నేరళ్ చేరుకోవచ్చు. కొండ ఎక్కడం అక్కడి నుంచే మొదలు.

వందేళ్ళు దాటిన బుల్లి రైలు

1850లో ఠాణే కలెక్టర్ హ్యూ మాలెట్ కంటపడ్డాక ఈ కొండ తెల్లదొరల వేసవి విడిది అయింది. నేరళ్ నుంచి పైకి దాదాపు 21 కిలోమీటర్ల రైలు దారిని వేయించింది పీర్‌భాయ్ కుటుంబం. 1907లో రైలు నడిచింది. మెలికలు తిరుగుతూ కొండెక్కడానికి రెండు గంటల పైనే పడుతుంది. వానాకాలంలో నేరళ్ నుంచి దస్తూరీ పక్కనున్న అమన్ లాడ్జ్ దాకా ఏటా ఆపేస్తారు. 2005 వరదలకు కొట్టుకుపోయిన దారి 2007లో గానీ తెరుచుకోలేదు. 2019 వానలకు మళ్ళీ దెబ్బతిని, 2022 అక్టోబరులో బాగుపడింది. రైలుకు ఇన్ని ఆటంకాలు వచ్చినప్పుడల్లా జనాన్నీ, సామాన్లనూ పైకి చేర్చింది గుర్రాలూ, మనుషులు లాగే రిక్షాలే.

మట్టి బాటా? పేవర్ బాటా?

2003లో కేంద్రం మాథేరాన్‌ను పర్యావరణపరంగా సున్నిత ప్రాంతంగా ప్రకటించింది. అంబులెన్సు లాంటివి తప్ప మోటారు వాహనాలకు చోటు లేదు. పొగ లేదు, హారన్ లేదు. ఆ ప్రశాంతతే పర్యాటకుల్ని రప్పిస్తోంది, గుర్రాలవాళ్ళకు అన్నం పెడుతోంది. లైసెన్సున్న గుర్రాలు 460, చేతి రిక్షాలు 94 అన్నది ఇక్కడ తరచూ వినిపించే లెక్క.

ఈ లెక్క ఇప్పుడు తారుమారవుతోంది. సుప్రీంకోర్టు అనుమతితో 2022 డిసెంబరులో ప్రయోగాత్మకంగా ఈ-రిక్షాలు వచ్చాయి. మనిషిని మనిషి లాగడం అమానుషమంటూ, చేతి రిక్షాలను ఆరు నెలల్లో ఆపేయాలని 2025 ఆగస్టులో కోర్టు తీర్పిచ్చింది. రిక్షా లాగి లాగి రొమ్ము ఎగపోసుకున్నవారికి అది ఊరటే. బడి పిల్లలకూ, ముసలివాళ్ళకూ సౌకర్యమే. మరి గుర్రాలవాళ్ళ మాటేమిటి?

వారి అభ్యంతరాలు రెండు. ఒకటి.. ఈ-రిక్షాలు వస్తే గిరాకీ పోతుంది. జనం వచ్చినా రాకున్నా గుర్రానికి దాణా తప్పదు, కాళ్ళకు లాడాలు కొట్టించక తప్పదు. రెండోది.. రోడ్డుపై పరిచే పేవర్ బ్లాకులు. వాటి మీద ఇనుప లాడం జారుతుంది. గుర్రం పడితే పైనున్న మనిషీ పడతాడు. అవతలివాళ్ళ వాదన వేరు. ఏటేటా వానకు ఎర్రమట్టి కొట్టుకుపోతోంది, దుమ్ము లేస్తోంది, రోడ్డు గట్టిపడాలంటారు. చివరికి దస్తూరీ నాకా నుంచి శివాజీ విగ్రహం దాకా బ్లాకులు పరవడానికి ఒప్పుకున్న కోర్టు, ఊరి లోపలి దారుల్లో వద్దంది.

తప్పంతా రిక్షాలదీ, రోడ్డుదీ అనుకుంటే పొరపాటే. దస్తూరీలో దిగగానే కొందరు చుట్టుముట్టి, రైలు లేదనీ, రిక్షాలు రావనీ నమ్మించి ఎక్కువ గుంజుతున్నారంటూ 2025 మార్చిలో స్థానికులే ఊరు బంద్ చేశారు. మోసపోయినవాడు రెండోసారి రాడు. రాకపోతే అందరి పొట్టా కొట్టినట్లే.

ఎక్కేముందు..

రైలు వేళలు స్టేషన్‌లోనే అడిగి తెలుసుకోవాలి. గుర్రమెక్కాలనుకుంటే ఎన్ని పాయింట్లు, ఎంతసేపు, ఎంత డబ్బు అన్నది ముందే తేల్చుకోవాలి. ఎత్తు ఎక్కేటప్పుడు కాస్త ముందుకు, దిగేటప్పుడు వెనక్కు వాలితే గుర్రానికీ, మనిషికీ సుఖం. కొత్తవాళ్ళు దౌడు తీయించకుండా పగ్గం గుర్రపతని చేతిలోనే ఉంచడం మేలు. కుంటుతున్న గుర్రాన్నీ, వీపు పుండ్లున్న గుర్రాన్నీ వద్దనాలి. అలా అడిగేవాళ్ళు పెరిగితే గుర్రాన్ని బాగా చూసుకునేవాడికే గిరాకీ దక్కుతుంది.

లూయీసా పాయింట్, ఎకో పాయింట్, షార్లెట్ చెరువు.. చెట్ల మధ్య మట్టి దారుల్లో సాగే ఈ స్వారీ కోసమే చాలామంది కొండెక్కుతున్నారు. ఊళ్ళోకి చేర్చే పని రైలూ, ఈ-రిక్షా చూసుకున్నా, ఆ లోపలి దారులు మట్టివిగా మిగిలితే గుర్రానికి పని ఉంటుంది. వాటిమీదా బ్లాకులు పరిస్తే మాత్రం ఆ ఇళ్ళల్లో పొయ్యి వెలగడం కష్టమే.