పొగ జల్లెడ పీకాలా? బాగు చేయించాలా?
డీజిల్ కార్ల యజమానుల సందిగ్ధం

మిర్యాలగూడ: డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు దీపం వెలిగింది. బండి లాగడం మానేసింది. ఎంత తొక్కినా వేగం అందుకోదు. సర్వీసు సెంటరుకు తీసుకుపోతే "డీపీఎఫ్ జామ్ అయింది, కొత్తది వేయాల్సి రావచ్చు" అన్నారు. బండిని బట్టి ఆ లెక్క లక్ష రూపాయల దరిదాపుకు పోతుంది. పట్నం చివర షెడ్డులో అడిగితే "దాన్ని పీకి అవతల పారేద్దాం, సాయంత్రానికి బండి పట్టుకుపో అన్నా" అన్నారు. వాళ్లు అడిగింది అందులో కొద్ది భాగమే. ఇప్పుడేం చేయాలి?

సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు ఊళ్లలో డీజిల్ కారు ఉన్నవారికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఇది. సొంతానికి కారు పెట్టుకున్న రైతు ఎలాగో తట్టుకుంటాడు. అప్పు చేసి సెకండ్ హ్యాండు బండి తెచ్చి కిరాయికి తిప్పుకునే కుర్రాడి సంగతే కష్టం. బండి నాలుగు రోజులు షెడ్డులో ఉంటే ఆ నెల కిస్తీకి దిక్కుండదు. అందుకే ఎక్కువ ఆలోచించకుండా పీకించేస్తుంటారు. అసలు ఖర్చు ఆ తర్వాతే మొదలవుతుందని అప్పుడు తెలియదు.

డీపీఎఫ్ అంటే డీజిల్ పొగలోని మసిని పట్టే జల్లెడ. ఇంజనుకూ సైలెన్సరుకూ మధ్య రేకు డబ్బాలో ఉంటుంది. లోపల తేనెపట్టులా సన్నని గొట్టాలుంటాయి. ఒక గొట్టానికి ఈ చివర, పక్క గొట్టానికి ఆ చివర మూసి ఉంటుంది. పొగ గోడల్లోంచి దూరి బయటపడక తప్పదు, మసి అక్కడే ఆగిపోతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. అంతకు ముందు డీజిల్ కారు కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల మసి వదిలినా ఒప్పుకునేవారు. ఇప్పుడు నాలుగున్నర మిల్లీగ్రాములు దాటరాదు. జల్లెడ లేకుండా ఆ లెక్కకు దిగడం కుదరదు కనుకనే కంపెనీలన్నీ దాన్ని పెట్టాయి. డీజిలు కార్లు లాభం లేదనుకుని మారుతి సుజుకి ఆ ఏడాదే వాటిని మానుకుంది.

పట్టిన మసి జల్లెడలో అలాగే ఉండిపోదు. దాన్ని బండే కాల్చేసుకోవాలి. పెద్ద రోడ్డు మీద నిలకడగా పోతుంటే పొగ వేడికి కొంత మసి దానంతట అదే కాలిపోతుంది. మిగిలిన దాని కోసం కంప్యూటరు అప్పుడప్పుడు కొంచెం ఎక్కువ డీజిలు పోసి జల్లెడను 600 డిగ్రీల దరిదాపుకు వేడెక్కిస్తుంది. ఈ పని పూర్తి కావాలంటే బండి ఆగకుండా పావుగంట, ఇరవై నిమిషాలు నడవాలి.

పల్లెటూరి బండికి చిక్కు వచ్చేది ఇక్కడే. ఊరి నుంచి మండల కేంద్రానికి ఐదారు కిలోమీటర్లు. అక్కడ ఎరువుల దుకాణం ముందు అరగంట, బ్యాంకు దగ్గర గంట, మళ్లీ వెనక్కి. ఇంజను పూర్తిగా వేడెక్కే లోపలే తాళం తీసేస్తారు. మసి కాల్చడం సగంలో ఆగిపోతుంది. ఇలా పది సార్లు ఆగితే జల్లెడ నిండిపోయి దీపం వెలుగుతుంది. సగంలో ఆగినప్పుడల్లా కాలని డీజిలు కొంత ఇంజన్ ఆయిల్లోకి దిగుతుంది. ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూస్తే మట్టం తగ్గాల్సింది పోయి పెరిగి ఉంటుంది. మంచిదేలే అనుకుంటారు. కాదు, పలచబడిన ఆయిల్ ఇంజనునే తినేస్తుంది.

దీపం వెలిగిన మొదటి రోజునే మేలుకుంటే ఖర్చు కొద్దిపాటి డీజిలు మాత్రమే. బండిని నార్కట్‌పల్లి - అద్దంకి రోడ్డు ఎక్కించి, అరవైకి తగ్గకుండా, ఒక గేరు తక్కువలో పెట్టి ఇంజను రెండు వేల చుట్లకు పైన తిరిగేలా ఇరవై నిమిషాలు పోనిస్తే చాలాసార్లు దీపం ఆరిపోతుంది. బండితో ఇచ్చిన పుస్తకంలో ఈ సంగతి రాసే ఉంటుంది. పుస్తకం మాత్రం సీటు ముందు అరలో ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. మసి కాలేటప్పుడు బండి అడుగు భాగం నిప్పుల కుంపటి. కోతల రోజుల్లో ఎండు గడ్డి మీద, కళ్లంలో, గడ్డివాము పక్కన బండి ఆపితే అంటుకునే ప్రమాదం ఉంది. బండి ఆపాక కూడా ఫ్యాను గట్టిగా తిరుగుతూ, కాలిన వాసన వస్తుంటే లోపల ఆ పని జరుగుతున్నదని గుర్తు.

దీపం ఆరకపోతే సర్వీసు సెంటరులో కంప్యూటరు తగిలించి, బండి నిలబెట్టే మసి కాల్పిస్తారు. దానికయ్యేది కొత్త జల్లెడ ధరలో చిన్న ముక్క. అదీ కాకపోతే జల్లెడను ఊడదీసి యంత్రం మీద శుభ్రం చేయించవచ్చు. మసి వేరు, బూడిద వేరు. మసి కాలిపోతుంది. ఇంజన్ ఆయిల్ నుంచి వచ్చే బూడిద కాలదు, పొయ్యిలో బూడిదలాగే పేరుకుంటుంది. చాలా బండ్లలో లక్ష కిలోమీటర్లు దాటాకే అది ఇబ్బంది పెడుతుంది. తక్కువ బూడిద వచ్చే ఆయిల్ పొయ్యకుండా, చవగ్గా దొరికిందని ట్రాక్టరు ఆయిల్ పోస్తే ఇంకా ముందే ముంచుకొస్తుంది. నీళ్ల సర్వీసింగు చేసే చోట యాసిడ్ పోసి కడిగించేవారూ ఉన్నారు. దాంతో లోపలి పూత పోతుంది, జల్లెడ చిట్లినా చిట్లుతుంది.

కొత్తది వేయాలని ఎవరైనా చెబితే ఒప్పుకునే ముందు "ఎందుకు నిండింది?" అని అడగాలి. ఇంజెక్టరు కారుతున్నా, టర్బో ఆయిల్ తాగుతున్నా, ఈజీఆర్ వాల్వు ఇరుక్కుపోయినా మసి ఎక్కువవుతుంది. కొన్నిసార్లు జల్లెడలో దోషమే ఉండదు. దాని ముందూ వెనకా ఒత్తిడి కొలిచే సెన్సారుకు పోయే చిన్న గొట్టం పగిలి ఉంటుంది. అసలు జబ్బు చూడకుండా కొత్త జల్లెడ వేస్తే కొన్నాళ్లకు అదీ నిండుతుంది. పీకించేసినా ఇంజెక్టరు కారడం ఆగదు. దీపం లేదు కనుక ఇంజను చెడేదాకా తెలియదు, అంతే తేడా.

పీకేటప్పుడు ఏం చేస్తారు? డబ్బాను కోసి, లోపలి తేనెపట్టును గడ్డపలుగుతో పొడిచి, ఖాళీ డబ్బాను వెల్డింగు చేసి పెడతారు. కంప్యూటరు ఊరుకోదు కనుక దాని లెక్కలు కూడా మార్చేస్తారు. షెడ్డుల్లో దీన్ని మ్యాపింగ్ అంటారు. ఎవరు రాశారో, ఏం మార్చారో చెప్పే కాగితం ఉండదు. కంపెనీ వారంటీ అంతటితో సరి. ప్రమాదం జరిగితే బీమా వారు పేచీ పెట్టడానికీ దారి దొరుకుతుంది. పైగా ఆ పొగగొట్టంలోని పూతల్లో ప్లాటినం వంటి విలువైన లోహాలుంటాయి. వాటిని పాత సామాను వ్యాపారులు కొంటారు. యజమాని డబ్బిచ్చి తీయించుకుని, విలువైన సరుకును షెడ్డులోనే వదిలి వస్తున్నాడన్న మాట.

మైలేజీ పెరుగుతుందన్న మాటలో కొంత నిజముంది. నిండిపోయిన జల్లెడతో పోలిస్తే ఖాళీ డబ్బాతో బండి తేలిగ్గానే పోతుంది. శుభ్రం చేసిన జల్లెడతోనూ అలాగే పోతుంది. ఈ రెండో మాట షెడ్డులో చెప్పరు.

యూరియా బస్తాతో చెలగాటం

కొన్ని బండ్లకు డీజిలు మూత పక్కనే నీలం రంగు మూత ఉంటుంది. అందులో పోసేది డీఈఎఫ్. నూటికి 32.5 పాళ్లు స్వచ్ఛమైన యూరియా, మిగతాది లవణాలన్నీ తీసేసిన నీరు. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను విరిచేయడం దీని పని. అది అయిపోతే బండి ముందే హెచ్చరిస్తుంది. అయినా పోయకపోతే ఆపాక మళ్లీ స్టార్టు కాదు.

యూరియా అనగానే రైతుకు ఇంట్లో బస్తా గుర్తొస్తుంది. కలిపి పోస్తే పోలా అనుకోవడం సహజం. అది మాత్రం చేయరాదు. 2015 నుంచి పొలాల యూరియాకు వేపనూనె పూత పూస్తున్నారు. ఆ నూనె, బస్తాలోని ఇతర మలినాలు, బోరు నీళ్లలోని లవణాలు (నల్లగొండ బోర్ల సంగతి వేరే చెప్పనక్కర్లేదు) కలిసి సన్నని నాజిల్‌ను మూసేస్తాయి. తెల్లటి గడ్డలు కడతాయి. పంపు, నాజిల్, వెనకనున్న యంత్రం అన్నీ మార్చాల్సి వస్తుంది. సబ్సిడీ యూరియాను సాగుకు తప్ప మరో పనికి వాడటం 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం నేరం కూడా.

ఈజీఆర్ వాల్వుకు రేకు బిగించి మూసేయడం పాత జీపుల కాలం నుంచీ ఉన్న చిట్కా. అది పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజనులోకి పంపి మంట వేడి తగ్గిస్తుంది. మసి పట్టి ఇరుక్కోవడం నిజమే. విప్పి శుభ్రం చేస్తే చాలాసార్లు మళ్లీ పనిచేస్తుంది. బీఎస్-6 బండిలో రేకు పెడితే కంప్యూటరు పసిగట్టి దీపం వెలిగిస్తుంది.

చట్టం ఏమంటున్నది?

కంపెనీ ఇచ్చిన నమూనాకు భిన్నంగా బండిని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతున్నది. 2019 సవరణతో వచ్చిన 182-ఎ ప్రకారం అలా మార్పించిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. కాలుష్య ప్రమాణాలు మీరితే 190వ సెక్షన్ కింద మొదటిసారి మూడు నెలల వరకు జైలు, 10 వేల వరకు జరిమానా, మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. కిరాయి బండి తోలేవాడికి ఆ చివరిదే పెద్ద దెబ్బ.

పొల్యూషన్ పరీక్షలో దొరకడం లేదు కదా అనేవారున్నారు. ఆ పరీక్ష డీజిలు బండి పొగ ఎంత నల్లగా ఉందో చూస్తుంది. కంటికి కనపడని సన్న మసిని లెక్కించదు, నైట్రోజన్ ఆక్సైడ్లను అసలే కొలవదు. కనుక కొందరు గట్టెక్కుతున్నారు. కంపెనీలే మోసం చేయలేదా అని ఎదురు ప్రశ్న వేసేవారూ ఉన్నారు. చేశాయి. పరీక్షలో ఒక రకంగా, రోడ్డు మీద మరో రకంగా నడిచేలా కార్ల కంప్యూటరును తయారు చేసిన సంగతి 2015లో అమెరికాలో బయటపడి ఫోక్స్‌వ్యాగన్ ప్రపంచమంతటా పరువు పోగొట్టుకుంది. అక్కడ ఆ కార్లు రోడ్డు మీద వదిలిన విషం అనుమతించిన దానికి 40 రెట్ల దాకా ఉందని తేలింది. పీల్చింది మాత్రం కంపెనీ వారు కాదు, వీధిలో నడిచే జనం.

డీజిలు పొగ క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో నిర్ధారించింది. నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో ఓజోనుగా మారడానికి తోడ్పడతాయి. ఆ ఓజోను ఊపిరితిత్తులనే కాదు, వరి దిగుబడినీ దెబ్బ తీస్తుంది. బడి దగ్గర ఇంజను ఆపకుండా పిల్లల కోసం ఎదురు చూసే బండి పొగ ముందుగా చేరేది ఆ పిల్లలకే.

ట్రాక్టర్లకూ ఈ రోజు వస్తున్నది. 50 హార్స్‌పవర్ దాటిన వాటికి 2023 జనవరి 1 నుంచి కఠిన నిబంధనలు అమల్లోకి వచ్చాయి.

సెకండ్ హ్యాండు డీజిలు కారు కొనేవారు మూడు చూసుకోవాలి. తాళం తిప్పగానే ఇంజను దీపం ఒకసారి వెలిగి, స్టార్టు అయ్యాక ఆరాలి. అసలు వెలగకపోతే ఎవరో చెయ్యి పెట్టారని అర్థం. బండి కిందికి వంగి డబ్బా మీద కొత్త వెల్డింగు అతుకు ఉందేమో చూడాలి. చివరగా, ఇంజను చల్లగా ఉన్నప్పుడు పొగగొట్టంలోకి వేలు పెట్టి రుద్దాలి. జల్లెడ బాగున్న బండిలో వేలికి పెద్దగా ఏమీ అంటదు. కాటుకలా నల్లగా అంటితే జల్లెడ చిట్లిందో, పీకేశారో. బేరం అక్కడే ఆపడమో, కొత్త జల్లెడ ధర తగ్గించి అడగడమో చేయాలి.