చెక్క కాలదు, చేప ఉడుకుతుంది!

కట్టెల పొయ్యి మీద వండిన కూరకు ఒక ప్రత్యేకమైన పొగవాసన ఉంటుంది గదా! ఉత్తర అమెరికా వాయవ్య తీరపు ఆదివాసులు సాల్మన్ చేపను సీడారు చెక్కకు కట్టి, మంట పక్కన నిలబెట్టి కాల్చేవారు. నేడు చాలామంది పలకను గంటసేపు నీళ్ళలో నానబెట్టి, దానిపై చేపనుంచి, నిప్పులపై జల్లెడలాంటి ఇనుప చట్రం మీద పెడతారు.

మరి పలక భగ్గున మండదేం? నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగుతుంది. చెక్క అంటుకోవాలంటే దాదాపు 300 డిగ్రీల వేడి కావాలి. తడి ఉన్నంతసేపూ వేడి నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. నీళ్ళు పోసిన కాగితపు దొన్నెను దీపంపై పెట్టినా కాలకపోవడానికి కారణమిదే.

అడుగుభాగం ముందుగా ఆరిపోయి, మాడి, పొగ వదులుతుంది. అప్పుడు చెక్కలోని లిగ్నిన్ అనే పదార్థం విడిపోయి గయాకాల్, సిరింగాల్ మొదలైనవి పుడతాయి. పొగరుచికి ముఖ్యంగా మొదటిది, పొగవాసనకు రెండవది కారణం.

అయితే ఒక హెచ్చరిక! రంగు, పాలిష్, చెదల మందు పూసిన చెక్కను వంటకు ఎన్నడూ వాడరాదు. కాలితే విషపదార్థాలు వెలువడతాయి. మంచి చెక్క పొగలో సైతం బెంజోపైరీన్ అనే క్యాన్సర్ కారకం కొద్దిగా ఉంటుంది. కాబట్టి పలక మండకముందే దించాలి. రుచినిచ్చే పొగ కొంచెమైతేనే మేలు!